పెద్ద మెరైన్ లైట్లు షాపులో ఎందుకు కనిపించడం లేదంటే

బెజవాడ గవర్నర్‌పేటలోని మా అక్వేరియం షాపుకి ఈ మధ్య వచ్చినవాళ్లలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. కౌంటరు వెనక వేలాడే 165 వాట్ల నల్ల డబ్బా లైట్లు ఏమయ్యాయి, స్టాకు అయిపోయిందా అని. అయిపోలేదండీ, మేమే తీసి లోపల పెట్టాం. మొదటిసారి మెరైన్ ట్యాంకు, అంటే ఉప్పునీటి అక్వేరియం, పెట్టేవాళ్లకి ఇకమీదట వాటిని మా అంతట మేం చూపించం. కావాలని అడిగితే ఇస్తాం, కాకపోతే ట్యాంకులో ఏం వేయబోతున్నారో ముందు చెప్పాలి.

డబ్బు సంగతి కూడా దాచడం ఎందుకు? పెద్ద లైటు ఒకటి అమ్మితే మిగిలేది, చిన్నవి నాలుగు అమ్మినా మిగలదు. కానీ లైటుకి పదకొండు వేలు పెట్టినవాళ్లు ఆ తర్వాత ఉప్పు దగ్గర, ఆర్వో నీళ్ల దగ్గర చెయ్యి బిగిస్తున్నారు. బోరు నీళ్లలోనే ఉప్పు కలిపి పోస్తున్నారు. రెండు నెలలు తిరక్కుండా ట్యాంకంతా పాచి. ఆ పాచికి వెలుగు ఎంత కారణమో, నీళ్లలో ఉన్న నైట్రేటు, ఫాస్ఫేటు అంతకంటే ఎక్కువ కారణం. విసుగెత్తి ట్యాంకు తీసేసినవాళ్లు మళ్లీ మా గడప తొక్కరు. మా షాపు నడిచేది లైట్ల మీద కాదు, నెలనెలా వచ్చి ఉప్పు, మేత పట్టుకెళ్లేవాళ్ల మీద. కాబట్టి ఇందులో మా స్వార్థమూ ఉంది.

లైటు కొనేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: చేపలు మాత్రమేనా, పగడాలు కూడానా? ఒక క్లౌన్ చేపల జంట, ఒక డామ్సెల్ చేప, కాస్త రాయి, ఇంతే అయితే ఏ తెల్ల ఎల్ఈడీ అయినా సరిపోతుంది. చేపకి పగలేదో రాత్రేదో తెలిస్తే చాలు. పాత మొక్కల ట్యాంకు మీద వాడిన 6500 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు) లైటు ఇంట్లో ఉంటే అదే పెట్టేయండి. సముద్రపు నీలి రంగు రాదు, అంతే తేడా. ఆ నీలం కూడా కావాలనిపిస్తే రెండడుగుల నీలం-తెలుపు క్లిప్ లైటు మా దగ్గర పద్దెనిమిది వందలకి ఉంది.

అసలు మొదటి నెల లైటే అక్కర్లేదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని అరిగించే బ్యాక్టీరియా రాళ్లలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి వెలుగుతో పని లేదు. ఆ రోజుల్లో లైటు వేస్తే గోధుమరంగు పాచి తొందరగా పట్టడం తప్ప లాభం లేదు. ట్యాంకుతో పాటు లైటు బిల్లు కూడా ఒకేసారి కట్టాలన్న టెన్షన్ పెట్టుకోకండి. నీళ్లు కుదురుకున్నాక రండి.

పగడాల దగ్గరే కాస్త లెక్క ఉంది. వాటి కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు బతుకుతుంది. అది వెలుగుతో ఆహారం తయారు చేసి, అందులో చాలా భాగం పగడానికి ఇస్తుంది. దానికి పనికొచ్చే వెలుగు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉంటుంది, అందులోనూ 450 దగ్గరి నీలం బాగా కావాలి. మన కన్ను మాత్రం 555 దగ్గరి ఆకుపచ్చని ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే నీలం ఎక్కువగా ఉన్న లైటు మనకి మసగ్గా కనిపిస్తుంది. "ఇది సరిగా వెలగట్లేదు, తెల్లగా ఉన్నది ఇవ్వండి" అని షాపులో రోజూ వింటుంటాం. ఫోన్‌లోని లక్స్ యాప్‌దీ అదే లోపం, అది కూడా మన కన్ను చూసినట్టే కొలుస్తుంది. పగడానికి అందే వెలుగు తెలియాలంటే ఆ 400-700 మధ్య వెలుగుని కొలిచే పార్ (PAR) మీటరుతోనే చూడాలి.

కొత్తవాళ్లు పెంచే మష్రూమ్‌లు, జోవాలు, లెదర్‌ల వంటి మెత్తని పగడాలకి 50 నుంచి 100 పార్ ఉంటే హాయిగా బతుకుతాయి. కొమ్మల్లా పెరిగే రాతి పగడాలకైతే 200 పైన, ఒక్కోసారి 300 దాకా కావాలి. పెద్ద లైట్లు తయారైంది వాటి కోసం. ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. రాతి పగడాలన్నిటినీ, సీ ఫ్యాన్లనీ, సముద్రపు గుర్రాలనీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాబితాలో చేర్చారు. మన తీరంలో వాటిని తీయడం, అమ్మడం నేరం. మేం అమ్మం, ఎక్కడ దొరుకుతాయో చెప్పం, దయచేసి వాట్సాప్‌లో ఫొటోలు పంపి రేటు అడగకండి. ఉంచుకోకూడని జీవి కోసం పదకొండు వేల లైటు ఎందుకు?

రెండడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ట్యాంకు, అంటే సుమారు 125 లీటర్లు, అనుకుందాం. మెత్తని పగడాలకి దాని మీద నిజంగా 50 వాట్లు తీసుకునే మంచి ఎల్ఈడీ ఒకటి చాలు. "నిజంగా" అని ఎందుకంటున్నానంటే, అట్ట మీది వాట్లు వేరు, ప్లగ్గు దగ్గరి వాట్లు వేరు. 165 అని రాసిన డబ్బాలో మూడు వాట్ల బల్బులు 55 ఉంటాయి, లెక్క అక్కడి నుంచి వచ్చింది. బల్బులని అంత గట్టిగా నడపరు. నీలం, తెలుపు రెండు రంగులూ ఫుల్లుగా పెట్టి మా ప్లగ్ మీటరుతో చూస్తే 120 దాటలేదు. మీరు ఎక్కడ కొన్నా సరే, ప్లగ్ మీటరు పెట్టి చూపించమని అడగండి. వెనకాడితే ఇంకో షాపు చూసుకోండి.

కరెంటు బిల్లు కూడా చూసుకోండి. 50 వాట్లు రోజుకి ఎనిమిది గంటలు వెలిగితే నెలకి 12 యూనిట్లు. 120 వాట్లయితే దాదాపు 29. వేసవిలో ఏసీతో పాటు ఇదీ కలిస్తే పై శ్లాబులోకి వెళ్లిపోతారు. పైగా మన బెజవాడ ఎండలు తెలిసినవే. మెరైన్ ట్యాంకు 25-26 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది, 30 దాటి అక్కడే నిలిస్తే పగడాలు తెల్లబడటం మొదలవుతుంది. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో నీళ్లు ఎలాగూ ఆ గీత దాటతాయి. దానికి తోడు చెక్క మూత లోపల పెద్ద లైటు బిగిస్తే ఆ వేడి పోయే దారి లేదు. మూత తీసేసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఉక్కపోత రోజుల్లో మాత్రం అంత తగ్గదు. ఆవిరైన నీటికి బదులు ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయండి. ఉప్పు ఆవిరి కాదు, ట్యాంకులోనే ఉంటుంది.

ఎలక్ట్రికల్ షాపులో దొరికే 50 వాట్ల ఫ్లడ్ లైటు పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు. నీలం ఒకటి, 6500 తెలుపు ఒకటి కలిపి వాడేవాళ్లు ఉన్నారు, మెత్తని పగడాలు బాగానే ఉంటున్నాయి. వెలుగు తగ్గించే వీలు ఉండదు కాబట్టి ఎత్తు పెంచి సర్దుకోవాలి. ఒక కస్టమరు అలాంటి లైటు విప్పి తెచ్చి చూపించారు. ముందు అద్దం శుభ్రంగా ఉంది. వెనక స్టాండు స్క్రూల చుట్టూ తెల్లగా ఉప్పు పెచ్చు కట్టింది, గోకితే స్క్రూ తల పొడిపొడిగా రాలింది. ఇంకొన్నాళ్లుంటే లైటు నీళ్లలో పడేది. కాబట్టి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేయించండి, వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. వైరు ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకెళ్లాలి, అప్పుడు జారిన చుక్క ప్లగ్గులోకి పోదు. ఇంట్లో 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే లైటు కన్నా ముందు అది పెట్టించండి. ఈ ఒక్క విషయంలో బేరం వద్దు.

టైమరు కొనేటప్పుడు పళ్లచక్రం తిరిగే చౌక రకం వద్దు. కరెంటు పోయినంతసేపూ అది ఆగిపోతుంది, వారం తిరిగేసరికి మీ లైటు అర్ధరాత్రి దాకా వెలుగుతుంటుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి. ఆఫీసు నుంచి రాత్రి వచ్చేవాళ్లు మధ్యాహ్నం రెండు నుంచి పది దాకా పెట్టుకుంటే మీరు చూసుకోవడానికీ వీలుగా ఉంటుంది.

పెద్ద లైటు ఇప్పటికే కొన్నవాళ్లకి: వెనక్కి తీసుకోలేం, మాకు సరుకు ఇచ్చినవాళ్లూ తీసుకోరు. అది పాడు లైటేమీ కాదు, తగ్గించి వాడండి. నీలం 30 శాతం, తెలుపు 5 శాతంతో మొదలుపెట్టి, నీటికి అడుగు పైన వేలాడదీసి, వారానికి కొద్దికొద్దిగా పెంచండి. మష్రూమ్ అంచులు ముడుచుకుని చిన్నబోతే వెలుగు ఎక్కువైనట్టు. జోవాల కాడలు పైకి సాగుతుంటే చాలట్లేదన్నమాట.

50 వాట్ల డిమ్మర్ లైట్లు వచ్చే వారం వస్తాయి, మూడు వేల ఎనిమిది వందలు, ఏడాది వారంటీ. వారంటీలో డ్రైవరు (బల్బులకి కరెంటు సర్ది ఇచ్చే భాగం) పోతే మార్చి ఇస్తాం, ఉప్పు పట్టి పోతే ఇవ్వం. వచ్చేటప్పుడు ట్యాంకు ఎత్తు కొలుచుకుని రండి. షాపులోని డెమో ట్యాంకులో అంతే లోతున పార్ మీటరు పెట్టి, అంకె మీ ముందే చూపిస్తాం. సాయంత్రాలు రద్దీగా ఉంటుంది, ఉదయం పూట వస్తే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.