జనగామ బస్టాండ్‌లో సాయం చేసిన అన్నకు కృతజ్ఞతలు

అన్నా, మీ పేరు అడిగేలోపే మీ బస్సు కదిలిపోయింది. ఆ రోజు వాన దంచికొడుతుంటే, నా చేతిలో చార్టులు చూసి మీ విత్తనాల సంచి మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా తీసి చుట్టి, సుతిలితో గట్టిగా కట్టి ఇచ్చారు. మీ సంచి తడుస్తుందన్నా వినలేదు.

అందులో ఏముందో మీకు చెప్పాలి. మా ఒకటో తరగతి పిల్లలు చింతగింజలు అంటించి చేసిన అక్షరాలు! సర్కారు బడుల్లో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే 'తొలిమెట్టు' కార్యక్రమం 2022లో మొదలైనప్పటి నుంచి ఇలాంటివి బాగా చేయిస్తున్నాం. 'ణ' మెలికల దగ్గర గింజలు అయిపోతే, ఒక చిట్టితల్లి మధ్యాహ్న భోజనం వండే అమ్మనడిగి గుప్పెడు కందిపప్పు తెచ్చింది. "టీచర్, ఇది బంగారు ణ" అంది. ఆ మాటకు నా టెన్షనంతా పోయింది. ఇలాంటి మాటల కోసమే పొద్దున్నే బడికి పరుగెత్తాలనిపిస్తుంది.

గింజలు కడిగి ఎండబెట్టింది మా అత్తమ్మ. రాత్రి కూర్చుని అట్టలు కోసింది మా ఆయన. వాళ్ల అండ లేకుంటే ఈ పని ఇంత ఇష్టంగా చేయలేను. వాళ్ల కష్టాన్ని కూడా మీరే కాపాడారు.

ఆ చార్టులు పెట్టాల్సిన బోధన సామగ్రి మేళాకు అన్నీ పొడిగా చేరాయన్నా, ఒక్క పప్పు బద్ద కూడా ఊడలేదు. మీకు, మీ ఇంటివాళ్లకు మా పిల్లలందరి తరఫున దండాలు.