ఊరు విడిచినా దావా విడవకూడదు

సంపాదకులకు,

‘ఈ సమాజం ఇక బాగుపడదు, కనీసం పిల్లల్నైనా బయటికి పంపేద్దాం’ అనే మాట మధ్యతరగతి ఇళ్లలో తరచూ వినిపిస్తోంది. వెళ్లేవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని వలస వల్ల దేన్నుంచి తప్పించుకుంటున్నామో, దేన్ని వెంట తీసుకుపోతున్నామో ఆలోచిస్తున్నట్లు లేదు.

చెడిన గాలి, నీరు, పాడైన రోడ్లు చోటును అంటిపెట్టుకుని ఉంటాయి కనుక చోటు మారితే వెనకే ఉండిపోతాయి. కులం అలా కాదు. 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధిస్తూ సియాటిల్ నగర మండలి చట్టం చేయవలసి వచ్చింది. అమెరికాలో అలాంటి పని చేసిన మొదటి నగరం అదే. ఇక కట్నం సంగతికొస్తే, 1961 నాటి నిషేధ చట్టం ఉండగానే, విదేశీ ఉద్యోగం పెళ్లికొడుకు ధరను పెంచిందే తప్ప బేరాన్ని మాన్పించలేదు.

అలాగని వలసే వృథా అనేవారితోనూ ఏకీభవించలేను. 1985 జులైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, తాము తాగే చెరువు నీటిని మురికి చేయవద్దని మాదిగలు అన్నందుకు ఊరి పెత్తందారీ కులంవారితో మొదలైన గొడవ మర్నాటికి మాదిగపల్లెపై దాడిగా మారి ఆరుగురిని బలిగొన్నప్పుడు, బతికి బయటపడినవారు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్లీ ఆ ఊరికి పోయేది లేదని తేల్చిచెప్పి, చీరాలలోనే నివాసం కావాలని పట్టుబట్టారు. విజయనగర్ కాలనీ అలా వచ్చిందే. తరతరాల ఊరినీ, చేతిలో ఉన్న వ్యవసాయపు పనినీ వదులుకోవడం కూలి కుటుంబాలకు చిన్న విషయం కాదు. అయినా వారు ఊరు విడిచారు గాని ఊరిమీద దావా విడవలేదు. దళిత మహాసభ ఆ పోరాటంలోనే పుట్టింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఆ ఒత్తిడీ ఉంది. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో గాని రాలేదు, అంటే ఇరవై మూడేళ్లు కేసును వదలకుండా నిలిచారన్నమాట.

ఇప్పటి వలస ఇందుకు భిన్నమైనది. ఎవరి కుటుంబాన్ని వారు విడివిడిగా, చడీచప్పుడు లేకుండా గట్టెక్కించుకుంటున్నారు. మొదట పిల్లలు సర్కారు బడి మానతారు, తర్వాత కుటుంబం నగరానికి మారుతుంది, ఆపైన విమానం. గ్రామసభలో లేచి నిలదీయగల చదువూ ధైర్యమూ ఉన్న మనిషే ముందుగా వెళ్లిపోతే, మిగిలిన ఊరు ఎవరి చేతిలో పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

వెళ్లినవారి మాట ఇక్కడ చెల్లే ఏర్పాటైనా ఉందా అంటే అదీ అంతంతమాత్రమే. ఎన్నికల చట్టానికి 2010లో చేసిన సవరణతో ప్రవాస భారతీయులకు ఓటు దక్కినా, వేయడానికి స్వయంగా రావాలి. దేశం లోపల వలస వెళ్లినవారి కోసం ఎన్నికల సంఘం ముందుకు తెచ్చిన, ఉన్నచోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే దూర ఓటింగు యంత్రం ప్రతిపాదన 2023 జనవరిలో పార్టీల అభ్యంతరాలతో ఆగిపోయింది. యంత్రంపై అనుమానాలుంటే పోస్టల్ బ్యాలెట్ వంటి మరో దారినైనా పార్టీలు సూచించాలి. 2024 మే 13న ఓటు వేయడానికి హైదరాబాదు నుంచి ఆంధ్రకు కిక్కిరిసిన బస్సుల్లో వెళ్లినవారికి ఆ ఖర్చు భరించే స్తోమత ఉంది. పాలమూరు నుంచి ముంబయి వెళ్లిన కూలీకి ఆ ఖర్చూ దొరకదు, ఆ సెలవూ దొరకదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బాపట్ల జిల్లా