శ్రీశైలం నీళ్ల కింద ఏముందో మా ఫోన్లకు చెప్పండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కర్నూలులో నాకు చిన్న సెల్ షాపు ఉంది. సముద్రం మాకు చాలా దూరం. అయినా నెలకు ఇద్దరు ముగ్గురు వచ్చి, "నీళ్ల లోతు చూపించే యాప్ ఏదైనా ఎక్కించప్పా" అని అడుగుతారు. ముచ్చుమర్రి, సిద్ధేశ్వరం, సంగమేశ్వరం వైపు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో చేపలు పట్టేవాళ్లు వీళ్లంతా. మా మేనమామది కూడా అదే బతుకు. ఏ యాప్ ఎక్కించాలో వాళ్లకు చెప్పలేకపోతున్నాను. అందుకే మీకు రాస్తున్నాను.

సముద్రం మీద వేటకు పోయేవాళ్లకు ఏది ఎంచుకోవాలా అన్నదే సమస్య. నేవియానిక్స్, సీ-మ్యాప్ లాంటి చార్టు యాప్‌లున్నాయి. మన తీరాన్ని కొలిచి చార్టులు తయారు చేసే నౌకాదళ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉంది. చేపలు ఎక్కువగా దొరికే చోట్లు చెప్పడానికి, అలలు ఎక్కువైతే హెచ్చరించడానికి హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మాకు అలాంటిది ఒక్కటీ లేదు. విశాఖ వైపు నుంచి వలస వచ్చి ఈ బ్యాక్‌వాటర్ ఒడ్డునే గుడిసెలు వేసుకున్న కుటుంబాలున్నాయి. వాళ్లలో ఒకతను సముద్రంలో వాడిన యాప్‌ని నా ముందే ఇక్కడి నీళ్ల మీదికి జరిపి చూపించాడు. చుట్టూ ఒడ్డు గీత, లోపలంతా నీలం రంగు. ఒక్క అంకె లేదు. గూగుల్ మ్యాప్‌లో చూసినా అంతే. "అక్కడైతే ఎన్ని బారల నీళ్లున్నాయో తెలిసేది. ఇక్కడ కళ్లకు గంతలు కట్టుకుని తిరుగుతున్నట్టుంది" అన్నాడు.

ఆ నీలం కింద ఊళ్లున్నాయండీ. డ్యామ్ కోసం ఖాళీ చేయించిన ఊళ్ల మొండిగోడలు, రాతి గుళ్లు, బావుల గట్లు, చింతచెట్ల మోడులు అలాగే ఉన్నాయి. మునక ఊళ్లలో పుట్టిన పెద్దవాళ్లు పడవలో కూర్చుంటే ఏ యాప్ అక్కర్లేదు. "ఇది మా రచ్చబండ, ఎడమకు తిప్పు. ముందర రెడ్డోళ్ల బావి ఉంది, నిదానం" అని చెబుతూనే ఉంటారు. నలభై ఏళ్లు దాటినా వాళ్ల కళ్లలో ఆ వీధులు చెదరలేదు. కానీ వాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఒడ్డున పుట్టిన పిల్లలకు ఆ ఊరు ఎలా ఉండేదో తెలియదు. విశాఖ నుంచి వచ్చినవాళ్లకు అసలే తెలియదు.

రెండేళ్ల కిందట మార్చిలో, ఇంకా తెల్లవారకముందు, మా మామ పడవ ఒక గోడకు కొట్టుకుంది. ఇంజిన్ ఫ్యాను విరిగింది, పడవ అడుగు పగిలింది. ఆయన, ఆయన కొడుకు థర్మాకోల్ ముక్కలు పట్టుకుని, ఇంకొకరి పుట్టి వచ్చేదాకా ఆ చలిలో నీళ్లలోనే ఉన్నారు. ప్రాణాలు దక్కాయి. వల పోయింది, ఇంజిన్ పోయింది, వాటి కోసం చేసిన అప్పు మాత్రం ఇంకా ఉంది. "నెల రోజులుగా అదే దారిలో తిరుగుతున్నాను, నిన్నటిదాకా ఆ గోడ లేదురా" అన్నాడు మామ. గోడ ఎప్పటి నుంచో అక్కడే ఉంది. దిగింది నీళ్లు.

అసలు సంగతి ఇదే. సముద్రపు చార్టులో వేసే లోతు, నీళ్లు బాగా వెనక్కి తీసినప్పుడు ఉండే లోతు. మన తీరంలో ఆటుకు, పోటుకు తేడా మామూలుగా రెండు మీటర్లలోపే. కాబట్టి చార్టులో అంకెను నమ్ముకుని పడవ నడపొచ్చు. శ్రీశైలం నిండు మట్టం, సముద్ర మట్టం నుంచి లెక్కేస్తే, 885 అడుగులు. ఎండాకాలంలో 820 కంటే కిందికి దిగిన ఏళ్లున్నాయి. అరవై అడుగులకు పైగా మారే నీళ్లలో లోతు ఒకటే అంకెగా రాస్తే పనికిరాదు. రాయాల్సింది నేల ఎత్తు. ఒక గోడ తల 850 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. డ్యామ్ నిండినప్పుడు దాని మీద 35 అడుగుల నీళ్లుంటాయి, ఎవరికీ భయం లేదు. మట్టం 860కి దిగితే పదడుగులు. 852కి వస్తే రెండడుగులే, ఫ్యాను తగిలి తీరుతుంది. ఆరోజు మట్టం ఎంతో ప్రభుత్వం రోజూ చెబుతూనే ఉంది, పేపర్లో కూడా వస్తుంది. అందులోంచి నేల ఎత్తు తీసేస్తే లోతు వచ్చేస్తుంది. ఫోన్‌కు ఇది క్షణంలో పని.

ప్రస్తుతానికి నేను ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ ఎక్కిస్తున్నాను. సిగ్నల్ లేకపోయినా అది పనిచేస్తుంది, జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు. నల్లమల వైపు పోయేవాళ్లకు అది పెద్ద ధైర్యం. రాయి, గోడ ఉన్నచోట గుర్తు పెట్టుకుంటున్నారు. అయితే ఆ గుర్తు చోటు చెబుతుంది కానీ, ఏ మట్టంలో ప్రమాదమో చెప్పదు. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టాను. తాడుకు రాయి కట్టి లోతు కొలిచి వచ్చినవాళ్లు ఆ చోటు, తేదీ, లోతు చెబితే, ఆరోజు డ్యామ్ మట్టం పక్కన వేసి నేల ఎత్తు లెక్కకడతాను. ఇప్పటికి ముప్పై ఏడు చోట్లయ్యాయి. నిండితే 600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకునే నీళ్లండీ అవి. ఇలా కొలుస్తూ పోతే నా జీవితం చాలదు.

ప్రభుత్వం మాత్రం ఎప్పుడో కొలిచేసింది. మొదట్లో 308 టీఎంసీలు పట్టే రిజర్వాయర్ పూడిక వల్ల 215.81కి తగ్గిందని లెక్క తేల్చింది ప్రభుత్వ సర్వేలే కదా. అడుగు నేల ఎక్కడ ఎంత ఎత్తుందో కొలవకుండా ఆ లెక్క రాదు. ఆ కొలతల కోసం అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. అది మా పని కాదని ఇంకో ఆఫీసుకు పంపారు, వాళ్లు మూడో చోటికి పంపారు. మూడు బస్సు టికెట్లు, పోయిన మూడు రోజుల గిరాకీ తప్ప నా చేతికి ఏమీ రాలేదు. డ్యామ్ గోడ, గేట్ల వివరాలు మాకు వద్దు. భద్రత పేరుతో దాచాల్సిన చోట్లు దాచుకోండి. మేం పడవ నడిపే నీళ్ల కింద నేల ఎత్తు చాలు.

అది జలవనరుల శాఖ దగ్గర ఉంటుంది కాబట్టి, ఆ మంత్రి గారితో మీరే మాట్లాడాలి. అవతలి ఒడ్డు తెలంగాణది, వాళ్లతోనూ మాట్లాడాల్సి వస్తుంది. యాప్ తయారైతే అది తెలుగులో ఉండాలి, నెట్ లేకుండా పనిచేయాలి. లోతు అడుగుల్లోనూ బారల్లోనూ చూపించాలి. చదువు రానివాళ్ల కోసం "ముందు నీళ్లు తక్కువ" అని గట్టిగా పలకాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కనిపించేంత పెద్ద అక్షరాలుండాలి. పాస్‌వర్డ్ అడిగితే ఎవరూ వాడరు, ఇది నా షాపు అనుభవం. ఇంకో మాట. వరద వచ్చేటప్పుడు డ్యామ్ దగ్గర మట్టం, ముచ్చుమర్రి దగ్గర మట్టం ఒకటిగా ఉండవు. ఆ రోజుల్లో లెక్క నమ్మొద్దని యాప్ చెప్పి తీరాలి. తప్పు అంకె చూపించే కన్నా ఏమీ చూపించకపోవడమే మేలు. ఇక్కడ కుదిరితే కడప వైపు గండికోటకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది, అక్కడా ఊళ్లు మునిగాయి.

వచ్చే వేసవిలో నీళ్లు దిగి సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఆ వారం మీ ఇంజనీర్‌ని ఒక్కరిని పంపండి. మా మామ పడవ సిద్ధం చేస్తాడు. పాత ఊళ్లు తెలిసిన పెద్దవాళ్లను ఇద్దరు ముగ్గురిని నేను కూర్చోబెడతాను. ఏ గోడ ఎవరిదో, ఏ మోడు ఎక్కడుందో వాళ్లు చేయి పెట్టి చూపిస్తారు. నా నోట్‌బుక్ కూడా ఆ ఇంజనీర్ చేతికే ఇస్తాను.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక సెల్ షాపు యజమాని