ట్యాగు మీద ఆ ఒక్క వాక్యం తీసేస్తున్నాం

మా గుడ్డ సంచులు కొనేవాళ్లకి తెలుసు, ప్రతి సంచి హ్యాండిల్‌కి ఒక చిన్న అట్ట ట్యాగు వేలాడుతుంటుంది. ఒక పక్క మా పేరు, ఎలా ఉతకాలో నాలుగు ముక్కలు. రెండో పక్క ఆకుపచ్చ అక్షరాల్లో ఒకే వాక్యం: ‘మీరు కొనే ప్రతి సంచి మీదా కొంత భాగం సమాజానికి.’ ఇకనుంచి ఆ రెండో పక్క ఖాళీగా వస్తుంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివాక మా మీద మంచి అభిప్రాయం కొంత తగ్గొచ్చు. దాచి పెట్టుకునే బదులు అదే నయమనిపించింది.

రెండు నెలల కిందట పాత కస్టమర్ ఒకావిడ మెసేజ్ పెట్టారు. నిలదీసినట్టు కాదు, మామూలుగానే అడిగారు. ‘కొంత భాగం అంటే ఎంతండీ? ఎవరికి వెళ్లింది?’ సాయంత్రానికి చెప్తానన్నాను. సాయంత్రం లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. మూడేళ్ల పుస్తకాల్లో ఆ వాక్యం కింద రాసుకోదగ్గ పద్దు ఒక్కటే దొరికింది: ఒక బడికి ఇచ్చిన 140 సంచులు. ఆ 140 ఎలాంటివో నాకు బాగా గుర్తు. ఒక హ్యాండిల్ పొడుగు, ఒకటి పొట్టి, అడుగు కుట్టు వంకర. క్వాలిటీ చెకింగ్‌లో పక్కన పడేసిన సరుకు. గోడౌన్‌లో చోటు ఖాళీ అవుతుందని ఇచ్చేశాం, పిల్లల చేతుల్లో పెట్టి ఫోటో తీసుకున్నాం. ఆ ఫోటోలో నేను నవ్వుతూ ఉన్నాను కూడా.

ఆ సాయంత్రం ఆవిడకి జవాబు పెట్టలేకపోయాను. మర్నాడు పెట్టాను, ఉన్నదున్నట్టు. ఆవిడ ‘చెప్పినందుకు థాంక్స్’ అన్నారు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

మా తమ్ముడు ఇందులో భాగస్తుడు, లెక్కలు చూసేది వాడే. ట్యాగు తీసేద్దామంటే వాడన్న మాట: ‘కొంత అన్నాం కదక్కా, ఎంతో చెప్పలేదు. చట్టం ఎక్కడ పట్టుకుంటుంది? అయినా సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) చట్టం పెద్ద కంపెనీలకి, మనకి కాదు.’ రెండో మాట నిజమే. మొదటి మాట నిజం కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలుసుకోవడానికి నాకు చాలా రాత్రులు పట్టింది.

సీఎస్ఆర్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది భారతదేశపు 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 135. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా, గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మొదట్లో ఖర్చు చెయ్యకపోతే కారణం రాస్తే సరిపోయేది. 2021 నుంచి ఆ వీలు లేదు. ఖర్చు కాని డబ్బు విడిగా ఖాతాలో వెయ్యాలి, లేదా చట్టం చెప్పిన నిధికి జమచెయ్యాలి, లేకపోతే జరిమానా. మేం ఆ గీతకి ఎంత కింద ఉన్నామంటే, తలెత్తి చూసినా కనిపించదు.

కానీ నన్ను ఆపింది ఆ 2 శాతం కాదు. ఏది సీఎస్ఆర్ కిందకి రాదో చెప్పే జాబితా. కంపెనీ రోజూ చేసే వ్యాపారంలో భాగమైన పని లెక్కలోకి రాదు. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసేది రాదు. తమ సరుకు ప్రచారం కోసం ఇచ్చిన స్పాన్సర్‌షిప్ రాదు. పార్టీలకిచ్చిన చందా రాదు. ఆ జాబితా పక్కన మా వంకర సంచుల్ని, ఆ ఫోటోని పెట్టి చూసుకున్నాను. పెద్ద కంపెనీ అయ్యుంటే ఆడిటర్ దగ్గర అది చెల్లేది కాదు. చిన్నవాళ్లం కాబట్టి ఎవరూ అడగలేదు, అంతే.

ఇక మా తమ్ముడి మొదటి మాట. సీఎస్ఆర్ చట్టం వర్తించకపోయినా ప్రకటనల చట్టం వర్తిస్తుంది. ట్యాగు మీద రాసింది ప్రకటనే. అమెరికాలో నైకీ కంపెనీ మీద 1998లో ఒక కేసు పడింది. విదేశాల్లో తన సరుకు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనివాళ్లని బాగా చూసుకుంటున్నామని ఆ కంపెనీ పత్రికలకు ఉత్తరాలు రాసింది, కరపత్రాలు వేసింది. అవి నిజం కావని ఒక పౌరుడు కాలిఫోర్నియా కోర్టుకెళ్లాడు. ఇవి మా అభిప్రాయాలు, భావప్రకటనా స్వేచ్ఛ కిందకి వస్తాయని కంపెనీ వాదించింది. 2002లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 4-3 తేడాతో, కాదు, సరుకు అమ్ముకోవడానికి చెప్పిన మాటలు వ్యాపార ప్రకటనలే, అబద్ధమైతే జవాబు చెప్పాల్సిందే అంది. ఆ ఉత్తరాల్లో రాసింది నిజమా అబద్ధమా అన్నది చివరిదాకా తేలలేదు. 2003లో 15 లక్షల డాలర్లు కార్మికుల పరిస్థితులు పరిశీలించే సంస్థకి ఇచ్చి రాజీ చేసుకున్నారు. నాకు పనికొచ్చింది ఆ మధ్యలో కోర్టు అన్న మాటే. ‘మేం మంచివాళ్లం’ అని చెప్పి అమ్ముకుంటే, అది కూడా ‘ఈ గుడ్డ నూలుదే’ అని చెప్పి అమ్మినట్టే. భారతదేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనని తప్పుగానే చూస్తుంది. రాసినవాడు చిన్నవాడా పెద్దవాడా అని చూడదు.

ఇక్కడితో అయిపోయుంటే ట్యాగు మార్చి ఊరుకునేవాళ్లం. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటి బయటపడింది.

మా దగ్గర ఏటా పెద్ద ఆర్డరు తీసుకునే విదేశీ కొనుగోలుదారు ఒకరున్నారు. పని ఎలా చేయిస్తున్నామో అడుగుతూ వాళ్లు ప్రతి సంవత్సరం 34 పేజీల ప్రశ్నావళి పంపుతారు. మేమూ ప్రతి సంవత్సరం ఒక మధ్యాహ్నం కూర్చుని టిక్కులు పెట్టి పంపేస్తాం. ఈసారి ఆ కస్టమర్ ప్రశ్న బుర్రలో తిరుగుతుండడంతో, పోయినేడు నేనే నింపిన కాపీ తీసి చదివాను. 19వ పేజీలో ఒక ప్రశ్న: ‘మీ పనిలో ఏ భాగమైనా ఇళ్ల దగ్గర చేయిస్తారా?’ దాని ఎదురుగా నా చేతి టిక్కు: ‘లేదు.’

చేయిస్తాం. హ్యాండిళ్ల చివర్లు మడిచి కుట్టడం, దారాలు కత్తిరించడం 11 మంది ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే చేస్తారు. వారానికి రెండుసార్లు బండిలో మూటలు వెళ్తాయి, మూటలు వస్తాయి. అది అబద్ధమని టిక్కు పెట్టేటప్పుడు అనిపించలేదు. వాళ్లని ‘మా పనివాళ్లు’ అనుకోలేదు కాబట్టి. పీస్ రేటుకి, అంటే ముక్కకింత అని చేసేవాళ్లు, అంతే అనుకున్నాను. ఇది తప్పు ఒప్పుకోవడమే, సమర్థించుకోవడం కాదు.

అసలు ఆ ప్రశ్న అంత దూరం నుంచి మా దాకా ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో, ఢాకా పక్కన సావర్‌లో, రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలిపోయింది. 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది బట్టలు కుట్టేవాళ్లు. ముందు రోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింది అంతస్తుల్లో బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపనివాళ్లని మాత్రం మర్నాడు లోపలికి పంపారు. ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీలకి అంతకుముందు ఇలాంటి టిక్కుల ఆడిట్లు జరిగే ఉన్నాయి. సరఫరా చేసేవాడి దగ్గర ఏం జరుగుతోందో కొనేవాడూ చూసుకోవాలని 2017లో ఫ్రాన్స్ చట్టం తెచ్చింది, దేశంలో 5,000 మంది లేదా ప్రపంచం మొత్తమ్మీద 10,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకి. జర్మనీ చట్టం 2023లో మొదలైంది, 2024 నుంచి 1,000 మంది ఉన్నవాళ్లకీ వచ్చింది. ఆ చట్టాలు మమ్మల్ని నేరుగా తాకవు. మా సరుకు కొనేవాళ్లని తాకుతాయి, వాళ్లు ఆ బరువు కాగితంగా మార్చి మాకు పంపుతారు.

ఆ కొనుగోలుదారు మీద ఒక మాట ఫిర్యాదుగానే అంటాను. ఓవర్‌టైం ఎక్కువ చేయించకూడదని సంతకం పెట్టించుకున్న చోటే, అదే వారంలో, ఆర్డరు గడువు తొమ్మిది రోజులకి కుదించమని మెయిల్ వస్తుంది. రేటు కూడా తగ్గించమంటారు. రెండు మెయిళ్లూ ఒకే ఆఫీసు నుంచి, వేర్వేరు డిపార్ట్‌మెంట్ల నుంచి. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారో లేదో. అయినా అబద్ధం టిక్కు వాళ్లు పెట్టలేదు, నేను పెట్టాను.

పోయిన నెల నేనే బండిలో కూర్చుని ఆ ఇళ్లకి వెళ్లాను. ఒక చోట గుమ్మం దగ్గర కూర్చుని గడియారం చూస్తూ ఒక మూట పూర్తయ్యేదాకా ఉన్నాను. నేను పీస్ రేటు పెట్టినప్పుడు గంటకి ఎన్ని హ్యాండిళ్లు అవుతాయని లెక్కేశానో, అక్కడ అందులో మూడొంతుల్లో రెండొంతులే అయ్యాయి. మా రేటు కటింగ్ టేబుల్ దగ్గర, మంచి వెలుతురులో, మా కుట్టు మాస్టారు కుట్టి చూపించిన వేగంతో వేసింది. ఇక్కడ మధ్యలో కరెంటు పోతుంది, పసిబిడ్డ లేస్తుంది, దారం చిక్కుపడుతుంది. లెక్క కడితే గంటకొచ్చేది కనీస వేతనం కన్నా తక్కువ. పేర్లు రాసుకుంటుంటే ఒకావిడ, ‘మా కోడలి పేరు కూడా రాస్తారా అమ్మా? సగం మూట అదే కుడుతుంది’ అంది. 11 మంది అనుకున్నది రాసేసరికి 17 అయ్యారు. అన్నాళ్లూ ఇద్దరి పని ఒక పేరు మీద, ఒకరి డబ్బుతో నడిచింది.

లోపల షెడ్డులో కూడా చూశాను. సరుకు పంపే ముందు రాత్రులు కూర్చున్నవాళ్లకి మామూలు రేటే కట్టాం, ఓవర్‌టైం రేటు కాదు. మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, ఆ గంటలే లేవు.

2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి వ్యాపారాలకు కొన్ని మార్గదర్శక సూత్రాలు ఆమోదించింది. అవి చట్టం కావు, ఎవరూ జరిమానా వెయ్యరు. కానీ అందులో రెండు విషయాలు నాకు ఏ చట్టం కన్నా గట్టిగా తగిలాయి. చిన్న వ్యాపారమైనా పెద్దదైనా మనుషుల హక్కుల్ని గౌరవించే బాధ్యత ఒకటే అన్నది మొదటిది. వేరే చోట చేసిన మంచిపని, ఇక్కడ చేసిన హానికి చెల్లుబెట్టుకోవడానికి పనికిరాదు అన్నది రెండోది. బడికిచ్చిన సంచులు బాగున్నవే అయినా, ఆ కోడలికి రావాల్సిన కూలి లెక్క అక్కడ తీరదు.

ఇప్పటిదాకా చేసింది ఇది. ఓవర్‌టైం బకాయి ఏడాది వెనక్కి లెక్కగట్టి ఇచ్చేశాం. అంతకుముందుది కాగితాల్లో లేదు. పనివాళ్లు నోటితో చెప్పిన గంటలు రాసుకుని కడుతున్నాం, ఇంకా ముగ్గురిది మిగిలింది. ఇళ్ల దగ్గర చేసే 17 మందికీ విడివిడిగా పుస్తకాలిచ్చాం. పీస్ రేటు అక్కడి గడియారం ప్రకారం మార్చాం. దారం, సూదులు ఇదివరకు వాళ్లే కొనుక్కునేవాళ్లు, ఇప్పుడు మూటతోపాటే వెళ్తున్నాయి. చెయ్యలేకపోయింది కూడా ఉంది. వాళ్లని మస్టర్‌లోకి తీసుకుని ఈఎస్ఐ, పీఎఫ్ కట్టే స్తోమత ఈ ఏడాది లేదు. ఉందని చెప్పను.

ఈ ఖర్చంతా సంచి ధర మీద కొంత పడుతుంది. దానికి ‘సామాజిక బాధ్యత’ అని పేరు పెట్టి మీ దగ్గర అడగడం లేదు. ఇవ్వాల్సిన కూలి ఇన్నాళ్లూ ఇవ్వలేదు, ఇప్పుడు ఇస్తున్నాం కాబట్టి పెరుగుతోంది. రాత్రి పని ఆపేశాం కనుక పెద్ద ఆర్డర్లకి ఇదివరకటి కన్నా నాలుగైదు రోజులు ఎక్కువ పడుతుంది, తేదీలు ముందే చెప్పండి.

ఆ ఆకుపచ్చ వాక్యం చూసి సంచి కొన్నవాళ్లెవరైనా ఉంటే, వాడినదైనా సరే, వెనక్కి పంపండి. డబ్బు తిరిగిస్తాం, కారణం అడగం. పాత ట్యాగులు ఇంకా ఆరు వేల దాకా మిగిలాయి. పారెయ్యడం దండగని, కటింగ్ దగ్గర కట్టలకి నంబర్లు రాసుకునే చీటీలుగా వాడుతున్నాం. ఆ వాక్యం మీద మాస్టారు ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీసి ఇస్తున్నాడు. పొరపాటున అలాంటి చీటీ మీ సంచిలో వస్తే అది ఇదే.

ప్రశ్నావళి సరిచేసి మళ్లీ పంపాను. 19వ పేజీలో ‘అవును’ అని టిక్కు, కింద 17 అని అంకె. మూడు వారాలైంది, ఆ కొనుగోలుదారు దగ్గర్నుంచి ఇంకా జవాబు లేదు. ఈ ఏడాది ఆర్డరూ రాలేదు.