తెర మీద వేలిముద్ర

చిరంజీవి సుజాతకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను వచ్చి పద్దెనిమిది రోజులైంది. పనిలో ఉంటావని తెలుసు, అందుకే ఆ మాట ఎత్తను. పెరట్లో మునగ విరగకాసింది.

మొన్న రాజమండ్రి పెళ్లిలో రవి కలిశాడు. రాత్రి పదకొండింటికి కంప్యూటర్ ముందే అన్నం తింటున్నావట. అప్పటినుంచి మీ అమ్మకు అదే దిగులు. నేను మాత్రం నీ పని గురించే ఆలోచిస్తున్నాను. నలుగురూ కలిసి వాడుకునేలా కంప్యూటర్‌ను మార్చాలని కదా మీ ప్రయత్నం.

మన బడి కంప్యూటర్ గదిలో ఒక్కో యంత్రానికి ఐదుగురు పిల్లలు. మౌసు దొరికినవాడు మధ్యలో, మిగతావాళ్లు చుట్టూ. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఎప్పుడూ వెనకే నిలబడేది. జవాబు తెలిస్తే ముందువాళ్ల భుజాల మీదుగా చెయ్యి చాచి తెరను వేలితో తాకేది. మరకలు పడతాయని ఒకరోజు కోప్పడ్డాను. సాయంత్రం గది తాళం వేయబోతూ చూస్తే, ఆ వేలిముద్ర సరిగ్గా సరైన జవాబు మీదే ఉంది. గుడ్డతో తుడవబోయి ఆగిపోయాను. మర్నాడు ఆ పిల్లను మౌసు దగ్గర కూర్చోబెట్టాను. అప్పుడు వెనక్కి వెళ్లిన అబ్బాయి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఐదుగురికి ఒక్క మౌసు ఇస్తే పిల్లలు మాత్రం ఏం చేస్తారు? 2006లో మీ బెంగళూరులోనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇదే సంగతి గమనించి, ఒకే కంప్యూటర్‌కు చాలా మౌసులు తగిలించి, తెర మీద ఒక్కొక్కరికి ఒక్కో రంగు బాణం గుర్తు ఇచ్చారు. అది చదివిన రోజు నాకు ఆ వేలిముద్రే కళ్లముందు మెదిలింది.

1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా ఇంజనీరు శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌసును అందరికీ చూపించాడు. ఆ రోజే, దూరంగా మెన్లో పార్కు అనే ఊళ్లో ఉన్న సహచరుడి ముఖం తెర మూలన కనిపిస్తుండగా, ఇద్దరూ ఒకే పత్రం మీద పనిచేశారు. మౌసు ఇంటింటికీ వచ్చింది. కలిసి పనిచేయడం మాత్రం చాలా ఏళ్లు గుమ్మం బయటే ఆగిపోయింది.

మన వీడియో కాల్ సంగతే చూడు. మీ అమ్మ నా పక్కన కూర్చుంటే తెరలో ఆమె చెవి కమ్మ, కాస్త భుజం, అంతే. నువ్వు "అమ్మ ఏదీ?" అంటావు, ఆమె అక్కడే ఉంటుంది. ముందు అది సరిచెయ్యమ్మా. ఇద్దరు పక్కపక్కన కూర్చున్నా సరిపోయే తెర కావాలి. అన్నం తినేవేళ మోగకుండా ఊరుకునే బుద్ధి కూడా ఆ యంత్రానికి నేర్పండి. వేళకు తినకపోతే ఒంటికి మంచిది కాదు. పద్దెనిమిది రోజులంటే తక్కువేమీ కాదు తల్లీ.

కందిపొడి, సున్నుండలు బస్సులో పంపాను. మూతకు మీ అమ్మ గుడ్డ కట్టింది, నెమ్మదిగా విప్పు. పక్క గది అమ్మాయిని కూడా పిలిచి, కంప్యూటర్ మూసేసి తినండి. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఫోను ముందు రెండు కుర్చీలు వేస్తాను. ఈసారి మీ అమ్మను మధ్యలో కూర్చోబెడతాను.

నాన్న