జెండా ఊపారు సరే, చార్జింగ్ ఎక్కడ?

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ జిల్లా సంచికలో పోయిన వారం వచ్చిన విద్యుత్తు డెలివరీ స్కూటర్ల ప్రారంభోత్సవ వార్తను, దాని పక్కన అచ్చయిన ఫొటోను చూసినప్పటి నుంచి ఈ లేఖ రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ఊళ్లో ఎవరైనా పెద్దలు నాలుగు ప్రశ్నలు వేస్తారేమోనని ఆగాను గానీ, ఇంతవరకు ఎవరూ వేసినట్టు లేదు. వరసగా నిలబెట్టిన కొత్త బండ్లకు బంతిపూల దండలు, జెండా పట్టుకున్న చేతికి అటూ ఇటూ ఫొటోలో పడడానికి ఒరుసుకుంటున్న నాయకులు, వారి వెనక ఎండలో హెల్మెట్లు చంకన పెట్టుకుని నిలుచున్న కుర్రాళ్లు. జెండా ఊపినవారి పేర్లన్నీ హోదాలతో సహా వేశారు. ఆ బండ్లు ఎవరి పేరిట రిజిస్టరయ్యాయో, వాయిదాలు ఎవరు కడతారో, రాత్రిపూట వాటికి చార్జింగ్ ఎక్కడ పెడతారో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటీ లేదు.

ఈ బండ్లంటే నాకు గిట్టదని ఎవరూ అనుకోవద్దు. విద్యుత్తు శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, కరెంటు మీద నడిచేదేదైనా నాకు ఇష్టమే. నిజం చెప్పాలంటే ఇలాంటి బండ్లకు నెల్లూరును మించిన ఊరు దొరకడం కష్టం. మనది బల్లపరుపు నేల. స్టోన్‌హౌస్‌పేట నుంచి వేదాయపాళెం దాకా బిర్యానీ పొట్లం పట్టుకెళ్లినా పొగలు పోకుండా చేరుతుంది. పెట్రోలు బండి వంద కిలోమీటర్లు తిరగాలంటే రెండు లీటర్లు తాగుతుంది, అంటే రెండు వందల రూపాయలకు పైమాటే. అదే దూరానికి విద్యుత్తు స్కూటరు మూడు, మూడున్నర యూనిట్లు తీసుకుంటుంది. ఇంటి మీటరులో యూనిట్ ఆరు రూపాయల శ్లాబులో పడినా ఇరవై రూపాయలు దాటి ఎంతో కాదు. ఇంత లాభమున్నప్పుడు మన పిల్లకాయలు తమంతట తామే ఎందుకు మారడం లేదన్న సంగతిని ఆ వేదిక మీద మాట్లాడిన ఒక్క పెద్దమనిషీ పట్టించుకోలేదు.

ఆ స్కూటర్ల మీద అంటించిన 'సున్నా కాలుష్యం' స్టిక్కరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన జిల్లాలోనే కృష్ణపట్నం దగ్గర నేలటూరులో 2,400 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం ఉంది, దాని బూడిద సంగతి ముత్తుకూరు వారికి నేను చెప్పనక్కరలేదు. దేశం మొత్తం మీద సగటున ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. మూడున్నర యూనిట్లకు అది రెండున్నర కిలోలకు దగ్గరవుతుంది. రెండు లీటర్ల పెట్రోలు కాలిస్తే నాలుగున్నర కిలోలు దాటుతుంది. అంటే కాలుష్యం దాదాపు సగానికి తగ్గుతుంది, పైగా ట్రంకురోడ్డులో నిలబడ్డ మనిషి ముక్కుకు పొగ తగలదు. ఇది చిన్న లాభం కాదు. ఉన్నది ఉన్నట్టు సగమని చెబితే సరిపోయేదానికి సున్నా అని రాసుకోవడం ఎందుకు?

ఇక అసలు విషయం. 2030 నాటికి తన డెలివరీలన్నీ విద్యుత్తు వాహనాలపైనే సాగేలా చూస్తానని జొమాటో 2021లోనే ప్రకటించింది. స్విగ్గీ కూడా ఆ ఏడాదే తన లక్ష్యాలు చెప్పింది. మంచిదే. అయితే ఈ వ్యాపారంలో బండి కంపెనీది కాదు, కుర్రవాడిది. పెట్రోలు, టైర్లు, పంక్చరు, ఇన్సూరెన్సు అన్నీ వాడివే. ప్రతిజ్ఞ చేసేది ఒకరు, దాన్ని చెల్లించేది మరొకరు అన్నమాట. వాడు అప్పుకు వెళితే ఫైనాన్సు వారు జీతం స్లిప్పు అడుగుతారు. కంపెనీ లెక్కలో వాడు ఉద్యోగి కాడు కనుక ఆ కాగితం పుట్టదు. డౌన్ పేమెంటు ఎక్కువ కట్టమంటారు, వడ్డీ కూడా ఎక్కువే వేస్తారు. ప్రభుత్వ సాయమైనా పెరిగిందా అంటే, ఏటికేడాది కరిగిపోతూ వచ్చింది. 2021లో బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు, అంటే ఒక యూనిట్ సామర్థ్యానికి, 15,000 రూపాయలున్న కేంద్ర రాయితీ 2023 జూన్‌లో 10,000కు దిగింది. 2024 ఏప్రిల్‌లో 5,000 అయింది, ఆ అక్టోబరు నుంచి పీఎం ఈ-డ్రైవ్ అనే పథకం పేరుతో అంతే సాగి, 2025 ఏప్రిల్ నుంచి అందులోనూ సగమే మిగిలింది. ఒక పక్క రాయితీ కోసుకుంటూ, ఇంకో పక్క జెండాలు ఊపుకుంటూ పోవడం మన వారికే చెల్లింది.

కొనలేకపోతే అద్దెకు తీసుకోవచ్చు గదా అని ఆ సభలో ఒకరు సెలవిచ్చారట. అద్దెకు దొరికే వాటిలో చాలావరకు గంటకు 25 కిలోమీటర్లు మించని చిన్న బండ్లు. వాటికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కరలేదు. మినీ బైపాసులో లారీల మధ్య ఆ వేగంతో పోతూ అరగంటలో ఆర్డరు అందించమంటే, ఆలస్యానికి పడిపోయే రేటింగు ఎవరిది, తగ్గిపోయే ఇన్సెంటివు ఎవరిది?

చార్జింగ్ దగ్గరికి వస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. మా వీధిలో ఒక మేడమీద గదిలో ముగ్గురు డెలివరీ కుర్రాళ్లు ఉంటున్నారు. బండిని వరండాలో పెట్టనివ్వరు గనుక మూడో అంతస్తు కిటికీలోంచి కిందికి వైరు వేలాడదీసి, సందులో ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తారు. ఆ బోర్డును నేను చేత్తో పట్టుకుని చూశాను. ఫ్యాన్లకూ సెల్‌ఫోన్లకూ వాడే సన్న వైరు, ఎర్తింగ్ లేదు, రాత్రంతా లోడు మోసి మోసి ప్లగ్గు కన్నం చుట్టూ ప్లాస్టిక్కు మాడి గోధుమ రంగుకు తిరిగింది. దాని మీద వాన పడకుండా తిరగేసిన ప్లాస్టిక్ బకెట్టు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి మనిషి పోయిన సంగతి మనం అంత తొందరగా మరిచిపోయామా? ఆ ఏడాది ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలను బిగించి, 2022 డిసెంబరు, 2023 మార్చి నుంచి రెండు విడతలుగా అమలు చేసింది. నిబంధన బ్యాటరీ వరకే వస్తుంది, సందులోని ఎక్స్‌టెన్షన్ బోర్డు దాకా రాదు. మే నెలలో మన ఊళ్లో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. లిథియం సెల్లు లోపల 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ పెట్టకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. మధ్యాహ్నం ఆర్డర్లు ముగించుకుని వేడి వేడి బండిని తెచ్చి ప్లగ్గు తగిలిస్తే అది చార్జింగ్ ఎక్కక మొరాయిస్తుంది. సాయంత్రం ఆర్డర్లు ముంచుకొచ్చే వేళకు బ్యాటరీ సగమే నిండి ఉంటుంది. నీడ ఉన్న చోట చార్జింగ్ పాయింటు పెట్టాలన్న ఇంగితం కావాలంటే ముందు రోడ్ల పక్కన నీడంటూ మిగలాలి. విస్తరణ పేరుతో చెట్లు కొట్టేసి, మొక్కలు నాటుతూ ఫొటోలు దిగి, మరునాటి నుంచి వాటికి చెంబెడు నీళ్లు పోయని అధికారులను ఈ మాట అడిగి ప్రయోజనం లేదని తెలిసే అడుగుతున్నాను.

వానల సంగతీ ఇంతే. ఈ బ్యాటరీలకు ఐపీ67 అనే గుర్తు ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి హాని చేసేంత నీరు దిగదని దాని అర్థం. మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి, రామలింగాపురం అండర్‌బ్రిడ్జి కింద ఈశాన్య రుతుపవనాల రోజుల్లో చేరే నీటికి మన అధికారులు అరగంట గడువు ఎప్పుడైనా పాటించారా? ప్రతి కార్తీక మాసంలో మోటారు పెడతారు, పత్రికలో ఫొటో వస్తుంది, మళ్లీ వానకు మళ్లీ అదే మడుగు.

ఏం చేయాలో ఎవరికీ తెలియని విషయం కాదిది. ఢిల్లీలో 2023లో తెచ్చిన పథకం 25 లేదా అంతకు మించి వాహనాలు నడిపే టాక్సీ, డెలివరీ సంస్థలు 2030 ఏప్రిల్ 1 నాటికి పూర్తిగా విద్యుత్తుకు మారాలని బాధ్యతను సంస్థల మీదే పెట్టింది. మన రాష్ట్రానికీ 2024-29 విద్యుత్తు వాహనాల విధానం ఉంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం ఈ సంస్థలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం గిగ్ కార్మికుల, అంటే ఈ డెలివరీ కుర్రాళ్ల వంటివారి, నిధికి ఇవ్వాలి. అలాంటి చట్టం ఉన్నప్పుడు కుర్రవాడి బండి అప్పుకు కంపెనీ హామీ సంతకం పెట్టాలని అడగడం అత్యాశ కాదు. హోటళ్ల ముందు వీళ్లు ఆర్డర్ల కోసం కాచుకునే చోట్లు ఊరందరికీ తెలుసు. మాగుంట లేఅవుట్‌లో, పొగతోటలో, మద్రాసు బస్టాండు దగ్గర ఒక్కో రేకుల షెడ్డు, సరైన ఎర్తింగుతో పదిహేను ఆంపియర్ల ప్లగ్గులు, లీకేజి వస్తే సరఫరా తెంచే బ్రేకరు, వేరే మీటరు. ఇంతకు మించి పెద్ద ఇంజనీరింగు ఇందులో ఏమీ లేదు. ఒక్క ప్రారంభోత్సవానికి పందిరికీ మైకుకూ పూలదండలకూ పెట్టే ఖర్చుతో ఇలాంటి షెడ్డు పని కనీసం మొదలవుతుంది.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. ఇంకోసారి ఇలాంటి ఫొటో మీ కార్యాలయానికి వచ్చినప్పుడు, దానితోపాటు చార్జింగ్ పాయింట్ల జాబితాను సర్వీసు నంబర్లతో సహా పంపమని అడగండి. జాబితా అచ్చు వేస్తే, వాటిలో కరెంటు ఉందో లేదో నేను టెస్టరు పట్టుకుని వెళ్లి చూసి మీకు రాస్తాను.

ఇట్లు,
విద్యుత్తు శాఖ విశ్రాంత ఉద్యోగి,
నెల్లూరు