గుడ్డను తాకకుండానే కొన్నవారికి కృతజ్ఞతలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. శ్రీకాళహస్తిలో ఇరవై రెండేళ్లుగా కలంకారీ పని చేసుకుంటున్న మా దంపతులను గత పది నెలల్లో ఆదుకున్నవారందరికీ సంక్రాంతి లోపే కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి చెప్పుకున్నాము గాని, పొందిన మేలును నలుగురిలో చెప్పకపోతే నా మనసు ఒప్పడం లేదు. పేర్లు వద్దని చాలామంది కోరినందున ఎవరి పేరూ రాయడం లేదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైననాటికి మా ఇంట్లో పన్నెండు చీరలు, నలభై దుపట్టాలు, గోడకు వేలాడదీసే ఆరు పెద్ద పటాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో సగం ఒక దుకాణం వారు నోటిమాటగా ఆర్డరు ఇచ్చినవి. ఏప్రిల్ మొదటి వారంలో ఫోన్ చేస్తే "ఇప్పుడు వద్దమ్మా" అన్నారు, ఆ తరువాత ఫోన్ ఎత్తడమే మానేశారు. వేసవిలో జరగవలసిన ప్రదర్శనలన్నీ రద్దయ్యాయి. గుడి మూతపడడంతో, రాహుకేతు పూజకు వచ్చి తిరిగి వెళ్తూ ఒక దుపట్టా అయినా కొనుక్కుపోయే యాత్రికులూ లేకపోయారు. ఇంతలో మా ఊరు రెడ్‌జోన్ అయింది. హోటళ్లు మూసేసి పాలు మిగిలిపోతున్న ఆ రోజుల్లో రంగు పాకకుండా గుడ్డ నానబెట్టడానికి పాలకు కొదవ లేదు గాని, నానబెట్టడానికి గాడా అనే ముతక నూలు గుడ్డే దొరకలేదు.

మొదటి సాయం మా ఎదురింటి నుంచే వచ్చింది. కాలేజీ మూసేయడంతో ఇంటికి వచ్చిన ఆ ఇంటి అబ్బాయి, ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నవాడు, ఒకరోజు డాబా మీద ఆరేసిన చీరను చూసి "అత్తా, దీన్ని ఫోటో తీసి పెట్టకూడదా?" అని అడిగాడు. నేను తీసిన మొదటి ఫోటోల్లో మంజిష్ఠ వేరుతో వేసిన ఎరుపు కాస్తా నారింజ రంగుగా కనబడింది. తప్పు నాది కాదనీ, ఫోన్ తనంతట తానే వెలుగు పెంచేస్తోందనీ వాడే కనిపెట్టాడు. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, ఎండ ముదరకముందే ఉదయం ఏడింటికి తీయాలని నేర్పాడు. ఆ కాగితాన్ని ఇప్పటికీ అలమరలో దాచుకున్నాను.

హైదరాబాదులో చిత్రకళ బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలు ఈ ఫోటోలు చూసి, జాతీయ చేనేత దినోత్సవమైన ఆగస్టు 7న మొదలుపెట్టి పది రోజుల పాటు ఆన్‌లైన్‌లో మా పనుల ప్రదర్శన నడిపించారు. కమీషన్ ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. ప్రతి సాయంత్రం జూమ్‌లో నేను గీస్తూ ఉంటే ఆమె వివరించేవారు. తిరగేసిన పీటకు ఫోన్ కట్టి, తుప్పు ఇనుము, బెల్లం మూడు వారాలు నానిన కసిం అనే ద్రావణంలో కలం ముంచి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీత గీశాను. కలం పెట్టినప్పుడు పలుచని మట్టిరంగులో ఉన్న ఆ గీత, కరక్కాయ వగరుకు ఇనుము తగిలి, చూస్తుండగానే నల్లబడింది. ఇరవై రెండేళ్లుగా రోజూ చూసే సంగతే కావడంతో అందులో వింత ఉందని నాకు తోచనే లేదు. అవతలి నుంచి ఒక చిన్నపిల్ల "ఆంటీ, ఇంకోసారి!" అని అరిచింది. ఆ పది రోజుల్లో ముప్పై నాలుగు పనులు పెడితే ఇరవై మూడు అమ్ముడుపోయాయి.

ఆ వారంలోనే మోసపోవలసినదాన్ని కూడా. తాను సైన్యంలో పనిచేస్తున్నానని చెప్పిన ఒక వ్యక్తి, బేరమాడకుండా నాలుగు చీరలు తీసుకుంటానని, డబ్బు జమ కావాలంటే తాను పంపిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని చెప్పాడు. పిన్ కొట్టబోయేముందు ఎందుకో అనుమానం వచ్చి ప్రదర్శన గ్రూపులో అడిగాను. బ్యాంకులో పనిచేసే ఒక సోదరుడు వెంటనే ఫోన్ చేసి, డబ్బు పంపడానికే తప్ప తీసుకోవడానికి పిన్ అక్కరలేదని గట్టిగా చెప్పి ఆపారు. మా ఖాతాలో అప్పటికి ఉన్నదంతా ప్రదర్శన డబ్బే కనుక, ఆయనకు ఎంత చెప్పుకున్నా తక్కువే.

ఒక దుపట్టా మాత్రం "పాత పాల వాసన వస్తోంది" అని తిరిగి వచ్చింది. మొదట బాధపడ్డాను గాని, ఆలోచిస్తే పొరపాటు నాదే. అంగట్లో అయితే గుడ్డ చేతిలో పెట్టి ఆ మాట ముందే చెప్పేదాన్ని. గేదెపాలలోని కొవ్వు వల్లనే రంగు పాకకుండా గీత నిలుస్తుందనీ, రెండు మూడు సార్లు నీళ్లలో జాడించి నీడన ఆరేస్తే వాసన పోతుందనీ, నీటిని బట్టి, ఎండను బట్టి ఏ రెండు గుడ్డల ఎరుపూ ఒక్కలా రాదనీ విశాఖపట్నంలోని ఒక అక్కగారు చక్కటి తెలుగులో చీటీ రాసి, అచ్చు వేయించి రెండు వందల ప్రతులు పంపారు. ఆ తరువాత వెళ్లిన ప్రతి పార్శిల్‌లోనూ ఆ చీటీ ఉంది. వస్తువు తిరిగి రావడం అదే ఆఖరు.

మాస్కు వెనక నుంచే నవ్వుతూ పార్శిళ్లు కట్టడం నేర్పిన మా తపాలా సిబ్బందికీ, నవంబరు చివర నివర్ తుపాను వానలకు గుడ్డ ఆరక మూడు వారాలు ఆలస్యమైనా ఒక్క మాట అనని కొనుగోలుదారులకూ నమస్కారాలు. న్యూజెర్సీలోని తెలుగు కుటుంబానికి పంపిన పటం చేరడానికి రెండు నెలలు పట్టింది. చేరిన రోజున వారు అక్కడ అర్ధరాత్రి అయినా వీడియో కాల్ చేసి గోడ చూపించారు.

మా పనికి బయటివారి చేయూత కొత్త కాదు. 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోకపోతే శ్రీకాళహస్తిలో కలం పట్టేవారే మిగిలేవారు కాదని మా పెద్దలు చెప్పుకునేవారు. అప్పట్లో అది పెద్దల మాటగా విన్నాను, ఇప్పుడు మా ఇంటి సంగతిగా అర్థమైంది.

ఇక మిగిలింది గుంటూరు ఉపాధ్యాయిని గారి పట్టాభిషేకం పటం. మే నెలలో, గీత కూడా గీయకముందే, నెలకు రెండు వేల చొప్పున పంపడం మొదలుపెట్టి "తొందర లేదమ్మా, ముందు గుడ్డ కొనుక్కోండి" అన్నారు. మా ఇంటికి మళ్లీ గుడ్డ వచ్చింది ఆ డబ్బుతోనే. అమ్మా, ఎరుపు, పసుపు అయిపోయాయి, రాముడికి నీలి వేయడమే మిగిలింది. కనుమ మరునాడు వేసి, రంగు నిలిచాక ఉదయం ఏడింటికి తెల్ల కాగితం పక్కన పెట్టి ఫోటో పంపుతాను.